మీ మీటరుకు కనబడని రేడియేషన్ సంగతి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, కొత్తగా చదివేవాళ్ళకు అర్థం కావాలి కదా. మీరు రేడియేషన్ కొలవడానికి చేతిలో పట్టుకునే గైగర్ మీటరు ఒకటి కొన్నారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న మీ ఇంట్లో అది గంటకు 0.18 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలత) చూపిస్తోంది, బయట 0.11. ఒక్కోసారి ఉన్నట్టుండి 0.25కి వెళ్తోంది. మొన్న వాన వెలిశాక బయట కూడా 0.20 అయింది, రెండు గంటల్లో మళ్ళీ దిగింది. మీ ఆవిడకు ఐదో నెల. నాన్నగారు మీతోనే ఉంటారు, సిగరెట్లు మానలేదు. కేరళ తీరంలో ఇంతకు ఎన్నో రెట్లున్నా జనానికి ఏమీ కాలేదని ఒకరు చెప్పారు. రేడియేషన్ ఎంత కొంచెమైనా ప్రమాదమే అని ఇంకొకరు బెదరగొట్టారు. ఇల్లు మారాలా అని అడుగుతున్నారు.

అక్కర్లేదు. ఆ 0.18 కోసం ఐతే అసలే అక్కర్లేదు. కాకపోతే మీరు కొలుస్తున్నది ఒకటి, కొలవాల్సింది ఇంకొకటి. నేను ఆసుపత్రుల్లో రేడియేషన్ భద్రత చూసే పనిలో పాతికేళ్ళకు పైగా ఉన్నాను. ఇలాంటి మీటరు కొన్న ప్రతి ఒక్కరూ మొదటి వారం మీలాగే నిద్ర పోగొట్టుకుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ అంకె సంగతి. ఏడాదికి 8,760 గంటలు. రోజంతా ఇంట్లోనే ఉన్నారనుకున్నా 0.18 చొప్పున ఏడాదికి సుమారు 1.6 మిల్లీసీవర్ట్ (వెయ్యి మైక్రోసీవర్ట్ కలిస్తే ఒక మిల్లీసీవర్ట్) అవుతుంది. ప్రపంచంలో మనిషికి ప్రకృతి నుంచి అందే రేడియేషన్ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ అని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ లెక్క కట్టింది. ఆ 2.4లో మీ మీటరుకు కనబడని భాగమే ఎక్కువ, దాని గురించి కింద చెబుతాను. ఊరినిబట్టి, నేలనిబట్టి ఏడాదికి 1 నుంచి 10 దాకా ఉండటం మామూలే.

బయటకన్నా ఇంట్లో ఎందుకు ఎక్కువ? ఇటుక, సిమెంటు, గ్రానైట్ అన్నీ మట్టిలోంచి, రాతిలోంచి వచ్చినవే. వాటిలో కాస్త యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. బయట ఆ మట్టి కాళ్ళకింద మాత్రమే ఉంటుంది, ఇంట్లో నాలుగు గోడలూ పైకప్పూ కూడా అదే. ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఇంటిలోపలి గామా, అంటే వాటి నుంచి వచ్చే చొచ్చుకుపోయే కిరణాలు, సగటున బయటికన్నా దాదాపు 40 శాతం ఎక్కువ.

ఇక 0.25 దాకా ఎగరడం. మీ మీటరులోని ట్యూబు చిన్నది. మామూలు గామాకి నిమిషానికి ఇరవై చప్పుళ్ళు వినిపించడమే గొప్ప. పరమాణువులు గడియారం చూసుకుని క్షీణించవు (అంటే రేడియేషన్ వదిలి వేరే పరమాణువులుగా మారవు), ఎప్పుడు పడితే అప్పుడే. సగటు ఇరవై ఉంటే ఒక నిమిషం పదిహేను, మరో నిమిషం పాతిక రావడం సహజం. అంటే అంకెలో పాతిక శాతం అటూఇటూ ఊగడానికి కారణమే అక్కర్లేదు. మీటరుని ఒకేచోట గంటసేపు వదిలేసి సగటు చూడండి, ఆ ఉలికిపాటు పోతుంది.

వాన సంగతి మాత్రం నిజమే, అది మీటరు తప్పు కాదు. నేల నుంచి బయటపడిన రేడాన్ అనే వాయువు గాలిలో క్షీణిస్తూ సీసం, బిస్మత్ రేణువులుగా మారుతుంది. అవి దుమ్ముకు అంటుకుని తేలుతుంటాయి. వాన వాటిని కడిగి నేల మీద పోస్తుంది. వాటిలో ఒకదాని అర్ధాయువు, అంటే సగం క్షీణించడానికి పట్టే సమయం, సుమారు 27 నిమిషాలు, ఇంకోదానిది 20 నిమిషాలు. అందుకే మీరు చూసినట్టు రెండు గంటల్లో సర్దుకుంటుంది. ఎక్కడో అణు కేంద్రం పేలిందేమోనని మీరు భయపడ్డారు కదా, సిగ్గుపడకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వాన రాత్రి బయటి మానిటరు అలారం మోగితే నేనూ హడావిడిగా సీనియర్‌ని నిద్ర లేపాను. "గంటాగి మళ్ళీ చూడు" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇప్పుడు ఆ 2.4 ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూద్దాం. నేల, గోడల గామా నుంచి దాదాపు 0.5. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల 0.4కి కాస్త తక్కువ. ఈ రెండోది ఒకప్పుడు ఎవరూ నమ్మలేదు, రేడియేషన్ అంతా నేల నుంచే అనుకునేవారు. 1912 ఆగస్టులో విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్ల పైకి పోయి కొలిస్తే, ఎత్తు పెరిగేకొద్దీ తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆ పనికే 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. విమానంలో చాలా దూరం వెళ్తే 0.03 నుంచి 0.08 మిల్లీసీవర్ట్ దాకా అదనంగా తగిలేది అదే.

తిండి, నీళ్ళ ద్వారా ఒంట్లో చేరినవాటి నుంచి సుమారు 0.3. ఇందులో పెద్ద వాటా పొటాషియం-40ది. సహజ పొటాషియంలో దాని వాటా 0.0117 శాతమే, కానీ 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా పొటాషియం పరమాణువులు క్షీణిస్తూ ఉంటాయి. మీ ఆవిడ పక్కన కూర్చున్నా మీకు రేడియేషనే, మీవల్ల ఆవిడకూ రేడియేషనే. అరటిపండు తింటే రేడియేషన్ అని నెట్‌లో తిరిగే జోకు ఇక్కడి నుంచి పుట్టిందే. కాకపోతే ఆ పోలిక నాకు నచ్చదు. శరీరం తనకు కావాల్సినంత పొటాషియమే ఉంచుకుని మిగతాది బయటికి పంపేస్తుంది, కాబట్టి ఎన్ని పళ్ళు తిన్నా లోపలి మోతాదు దాదాపు మారదు.

మిగిలిన సగం, అంటే ఏడాదికి సుమారు 1.2 మిల్లీసీవర్ట్, రేడాన్‌ది. మీ మీటరుకు కనబడనిది ఇదే. రాళ్ళలోని గామా ప్రకృతి ఇచ్చినది, దాన్ని మీరు పెద్దగా మార్చలేరు. రేడాన్‌ని మార్చగలరు. అది ఇల్లిల్లుకీ మారిపోతుంది కూడా. పక్కపక్క ఇళ్ళలోనే పది రెట్ల తేడా రావచ్చు.

మామూలు మట్టిలో టన్నుకు రెండు మూడు గ్రాముల యురేనియం ఉంటుంది. అది కోట్ల ఏళ్ళ మీద మెల్లగా క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం రేడాన్ అవుతుంది. ఈ గొలుసులో మిగతావన్నీ ఘనపదార్థాలు, పుట్టినచోటే పడి ఉంటాయి. రేడాన్ ఒక్కటే వాయువు. దాని అర్ధాయువు 3.8 రోజులు. మట్టి సందుల్లోంచి పైకి రావడానికి ఆ మాత్రం సమయం చాలు. ఆరుబయటైతే గాలిలో కలిసిపోతుంది. ఇంటికింద నుంచి వస్తే మాత్రం పునాది పగుళ్ళలోంచి, పైపులు వెళ్ళే రంధ్రాల్లోంచి లోపలికి చేరుతుంది. అది గాలికన్నా బరువు కాబట్టి కింద పేరుకుంటుందని చాలామంది అంటారు. అసలు కారణం అది కాదు. ఇంటి లోపల గాలి కాస్త వెచ్చగా ఉండి పైకి లేస్తుంటుంది, దాంతో కింద ఒత్తిడి కొద్దిగా తగ్గి ఇల్లు నేలలోని గాలిని స్ట్రాతో పీల్చినట్టు పీలుస్తుంది. తలుపులు మూసి ఉంచే చలికాలంలో, రాత్రిపూట ఎక్కువ కనబడేది ఇందుకే.

పీల్చిన రేడాన్‌లో చాలావరకు మళ్ళీ ఊపిరితో బయటికి పోతుంది. చిక్కంతా దాని పిల్లలతో, అంటే పొలోనియం-218, పొలోనియం-214లతో. ఇవి దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల గోడలకు పట్టుకుంటాయి, అక్కడే ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది, చర్మం పైనున్న చచ్చిన పొర ఆపేస్తుంది. ఊపిరితిత్తుల లోపల అలాంటి పొర లేదు. వెంట్రుక మందమంత దూరంలోనే ఆ కణం తన శక్తంతా కుమ్మరించేస్తుంది, ఆ దారిలో పడ్డ డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోయే అవకాశం ఎక్కువ. గామా వల్ల చెదురుమదురుగా పడే దెబ్బల్ని కణం చాలావరకు సరిచేసుకుంటుంది, ఇలాంటి దెబ్బను సరిచేయడంలో పొరపాటు జరగడం తేలిక.

ఇది కాగితం మీది లెక్క కాదు. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో పనిచేసేవాళ్ళు వందల ఏళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతుంటే, అది క్యాన్సరేనని 1879లో ఇద్దరు వైద్యులు తేల్చారు. అప్పటికి రేడియోధార్మికత అనేది ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. అయినా ఇది గనులకే పరిమితమని చాలాకాలం అనుకున్నారు. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు తాను పనిచేసే లిమరిక్ అణు కేంద్రంలో రేడియేషన్ మానిటరు దాటుతుంటే అలారం మోగింది. ఆ కేంద్రం ఇంకా విద్యుత్తు తయారీ మొదలుపెట్టలేదు. చివరికి తేలింది ఏమిటంటే ఆయన రేడియేషన్‌ని అణు కేంద్రం నుంచి ఇంటికి తీసుకెళ్ళడం లేదు, ఇంటి నుంచే కేంద్రానికి మోసుకొస్తున్నాడు! ఆ ఇంట్లో రేడాన్ ఘనపు మీటరు గాలికి (సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరెల్) లక్ష బెక్వెరెల్‌కు దగ్గరగా ఉంది. అమెరికాలో చర్య తీసుకోవాలని చెప్పే హద్దు 148. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది, మరమ్మతు చేయించాక మళ్ళీ అదే ఇంట్లోకి వచ్చింది. ఈ చివరి సంగతిని మీరు గమనించాలని రాస్తున్నాను. అంతటి ఇంటినే బాగుచేయగలిగారు.

మామూలు ఇళ్ళలో ప్రమాదం ఎంతో చెప్పే గట్టి లెక్క 2005లో వచ్చింది. ఐరోపాలో 13 అధ్యయనాలను కలిపి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 7,148 మందినీ, రాని 14,208 మందినీ పోల్చారు. ఇంట్లో రేడాన్ ప్రతి 100 బెక్వెరెల్‌కు ఆ క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరిగింది. శాతాలు ఊరికే భయపెడతాయి కాబట్టి మనుషుల్లో చెబుతాను. పొగతాగని వెయ్యిమందిని తీసుకుంటే, రేడాన్ లేని ఇంట్లో 75 ఏళ్ళు వచ్చేసరికి నలుగురికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. 100 బెక్వెరెల్ ఇంట్లో ఐదుగురికి, 400 ఉంటే ఏడుగురికి. ఇదే సిగరెట్లు కాల్చే వెయ్యిమందిలో ఐతే రేడాన్ లేకపోయినా వందమంది, 100 ఉంటే 120 మంది, 400 ఉంటే 160 మంది. పెరిగే నిష్పత్తి రెండు చోట్లా దాదాపు ఒకటే. కానీ 400 ఉన్నప్పుడు అదనంగా ఒకచోట ముగ్గురు, ఇంకోచోట అరవైమంది.

మీ మీటరుకు ఇది ఎందుకు కనబడదంటే, చేతి మీటర్లు ఎక్కువగా గామాకు స్పందిస్తాయి. ఆల్ఫా కణం ట్యూబు గోడ దాటి లోపలికి రాలేదు. గాలిలో రేడాన్ వంద ఉన్నా నాలుగు వందలున్నా మీ తెర మీద 0.18 అలాగే కూర్చుంటుంది. అంకె తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండటానికీ ఆ మీటరు పనికిరాదు.

ఇక కేరళ వాదన. చవర, నీండకర, కరునాగప్పళ్ళి తీరంలో మోనజైట్ ఇసుక ఉంటుంది, అందులో థోరియం ఎక్కువ. కొన్నిచోట్ల గామా మామూలుకన్నా పదుల రెట్లు. అక్కడ 69,958 మందిని సగటున పదిన్నరేళ్ళు గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది. 1,379 క్యాన్సర్లు నమోదయ్యాయి, గామా ఎక్కువున్న ఇళ్ళలో ఎక్కువ రావడం కనబడలేదు. ఇది మంచి అధ్యయనం, నేను గౌరవిస్తాను. కానీ దాన్నిబట్టి "ఏమీ కాదు" అనేయడం తొందరపాటు. ముప్పు చాలా చిన్నదైతే డెబ్భైవేల మందిలోనూ దొరక్కపోవచ్చు. ఇరాన్‌లోని రామ్‌సర్ ఇంకా గొప్పగా వినిపిస్తుంది, కొన్ని ఇళ్ళలో ఏడాదికి 260 మిల్లీసీవర్ట్ దాకా అంటారు. కానీ అలాంటి ఇళ్ళు కొన్నే, అందులో ఉండే మనుషులు ఇంకా కొద్దిమంది. అన్నిటికన్నా ముఖ్యం, కేరళలో కొలిచింది ప్రధానంగా గామాను. దాన్ని తెచ్చి రేడాన్‌కు అతికించకూడదు.

రెండో ఆయన వాదన, "ఎంత కొంచెమైనా ప్రమాదమే" అనేది, హిరోషిమా, నాగసాకి బాధితులను 1950 నుంచి గమనిస్తూ వచ్చిన లెక్కల నుంచి పుట్టింది. పెద్ద మోతాదుల దగ్గర కనబడిన ముప్పును సరళరేఖలా సున్నా దాకా గీసుకుంటూ వస్తారు. భద్రతా నియమాలు రాయడానికి అది సరైన పద్ధతి అనే నేనూ అంటాను. 2023లో ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లోని 3,09,932 మంది అణు కార్మికుల మీద వచ్చిన ఫలితం కూడా, కొద్దికొద్దిగా అందిన మోతాదుకూ ముప్పు ఉందనే చెప్పింది, ఒక గ్రేకు (గామా విషయంలో ఇది ఒక సీవర్ట్ అనుకోవచ్చు) గట్టి కణితుల క్యాన్సర్ మరణాలు సుమారు 52 శాతం ఎక్కువ. కాబట్టి సున్నా ముప్పు అని నేను చెప్పను. అయితే ఆ ఒక్క గ్రే మీకు అందాలంటే మీ ఇంట్లో ఆరు వందల ఏళ్ళకు పైగా ఉండాలి.

ఆ సరళరేఖనే పూర్తిగా నమ్మి మీ ఇంటికి లెక్క వేద్దాం. ఇంట్లో 0.18, బయట 0.11. తేడా ఏడాదికి 0.6 మిల్లీసీవర్ట్. ఇల్లు మారి మీరు తగ్గించుకోగలిగేది మహా అయితే అంత, ఎందుకంటే ఆ ఇంటికీ గోడలుంటాయి. ఒక సీవర్ట్‌కు 5 శాతం అని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ (ICRP) వేసిన లెక్క ప్రకారం, లక్షమందికి ఈ తేడా ఏడాదిపాటు తగిలితే జీవితకాలంలో ముగ్గురికి ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చు. అదే లక్షమందిలో ఇతర కారణాల వల్ల క్యాన్సర్‌తో పోయేవాళ్ళు పదిహేను వేలకు పైనే. ఇంత చిన్న మోతాదులకు ఇలా తలలు లెక్కపెట్టకూడదని ఆ అంతర్జాతీయ సంస్థే చెబుతుంది, నేను మీ భయానికి ఒక కొలత ఇవ్వడానికే వేశాను. ఒక ఛాతీ సీటీ స్కాన్‌లో సుమారు 7 మిల్లీసీవర్ట్ ఉంటుంది, అంటే ఈ తేడా పది పన్నెండేళ్ళు పోగైనంత. అవసరమైన స్కాన్ మానమని కాదు. "ఎందుకైనా మంచిదని" తీయించే స్కాన్ దగ్గర మాత్రం డాక్టరుని ఒక ప్రశ్న అడగండి.

బిడ్డ గురించి. గర్భంలో అవయవ లోపాలు రావాలంటే 100 మిల్లీగ్రే స్థాయి కావాలి, అంతకన్నా తక్కువలో అవి కనబడలేదు. తొమ్మిది నెలల్లో మీ ఇంటి గోడల నుంచి అందేది ఎక్కువలో ఎక్కువ 1.2. చిన్నపిల్లల్లో రక్త క్యాన్సర్‌కూ సహజ గామాకూ స్వల్ప సంబంధం ఉందని బ్రిటన్‌లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది, ఇంకొన్నిచోట్ల అది కనబడలేదు. ఉన్నా ఆ జబ్బే చాలా అరుదు. రేడాన్ దెబ్బ ప్రధానంగా పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులకే, గర్భానికి చేరేది చాలా తక్కువ. మీ ఆవిడను ఆ మీటరు వైపు చూడనివ్వకండి. ఈ నెలల్లో ఆవిడకు ఆ టెన్షన్ అనవసరం.

ఇప్పుడు చేయాల్సిన పని. రేడాన్ కొలిచే పరికరం వేరే ఉంటుంది. చౌకైనది చిన్న ప్లాస్టిక్ డబ్బీలా ఉండే ఆల్ఫా ట్రాక్ డిటెక్టర్. అందులోని ప్లాస్టిక్ ముక్క మీద ఆల్ఫా కణాలు గీతలు పెడతాయి, ల్యాబులో వాటిని లెక్కిస్తారు. మీరు ఎక్కువసేపు నిద్రపోయే గదిలో, కిటికీకి దూరంగా, కనీసం మూడు నెలలు ఉంచండి. రెండు రోజుల రీడింగ్‌ని నమ్మకండి, గాలి తిరుగుడునిబట్టి అది రోజుకో రకంగా ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ కాబట్టి మీరు కొలవడం మంచిదే. పదో అంతస్తులో ఉండేవారు ఇదే అడిగితే నేను ఇంతగా చెప్పేవాణ్ణి కాదు.

100 బెక్వెరెల్ లోపు వస్తే వదిలేయండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకోమన్న హద్దు అదే. వీలుకాని దేశాలకు 300 దాటొద్దంది. 100కీ 300కీ మధ్యలో వస్తే నేల పగుళ్ళు, పైపుల చుట్టూ సందులు పూడ్పించి, గాలి ఆడేలా చూసి మళ్ళీ కొలవండి. 300 దాటితే నేల కింద గొట్టం దించి ఫ్యానుతో ఆ గాలిని ఇంటి పైకి లాగేసే ఏర్పాటు చేయించాలి, సరిగ్గా చేస్తే చాలా ఇళ్ళలో సగానికన్నా ఎక్కువ, కొన్నిచోట్ల 90 శాతం దాకా తగ్గుతుంది. కిటికీలు తెరవడం మంచిదే, కానీ తెరిచినంతసేపే పనిచేస్తుంది.

మూడు నెలలు ఆగే లోపు మీరు చేయగలిగింది ఒకటుంది. పైన రాసిన వెయ్యిమంది లెక్క నాన్నగారికి చదివి వినిపించండి. గోడల సంగతి, నేల సంగతి ఆయన ముందు ఎత్తకండి, "రేడియేషన్ వస్తోంది కాబట్టి మానెయ్యి నాన్నా" అనీ అనకండి, పెద్దవాళ్ళు అలాంటివి కొట్టిపారేస్తారు. రేడాన్ సున్నా ఉన్న ఇంట్లోనూ ఆ వందమంది ఉన్నారని మాత్రం చూపించండి. మీ డిటెక్టర్ రీడింగ్ వచ్చాక అంకె ఇక్కడ రాయండి, ఏ అంతస్తు, ఏ గది, ఏ నెలల్లో పెట్టారో కూడా రాస్తే చూసి చెబుతాను.